ఇంగ్లీషు చదువు, ఇంటి భాష: ‘బెంగుళూరు ప్రయోగము’పై ఒక విమర్శ

బెంగుళూరున స్థిరపడిన తెలుగు కుటుంబములు నలుగురు కూడిన చోట ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పని చర్చ యొకటి కలదు. పిల్లవానిని ఏ భాషలో చదివింపవలెను? ఇంట తెలుగు, వీథిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు, ఈ మూటి నడుమ పసివాని బుద్ధి నలిగిపోవునని కొందఱందురు. ఇంగ్లీషు త్వరగా పట్టుపడవలెనన్నచో ఇంటిలో గూడ ఇంగ్లీషే మాటలాడవలెనని మఱికొందఱందురు. ఉభయపక్షములవారును తమ అనుభవమునే ప్రమాణముగ చూపుదురు గాని, ఈ విషయమును ఏండ్ల తరబడి పరిశోధించిన పండితులు ఏమి చెప్పిరో విచారించువారు అరుదు. విశేషమేమనగా, క్రొత్త భాషను నేర్చుకొను మనస్సు ఎట్లు పనిచేయును అను ప్రశ్నకు ప్రపంచమంతట చర్చింపబడిన సమాధానములలో ఒకటి మన నగరము పేరుతోనే ప్రసిద్ధి కెక్కినది. అదియే ‘బెంగుళూరు ప్రాజెక్టు’.

ఈ ప్రయోగమును 1979 నుండి 1984 వఱకు నడపిన పండితుడు ఎన్.ఎస్. ప్రభు. ఆయన మద్రాసులోని బ్రిటిష్ కౌన్సిలులో ఇంగ్లీషు బోధనకు సంబంధించిన అధికారిగ నుండెను. బెంగుళూరులో 1963లో స్థాపింపబడిన ప్రాంతీయ ఇంగ్లీషు బోధన సంస్థ ఈ చర్చలకు వేదిక యయ్యెను. అయిదేండ్ల అనుభవమును ప్రభు ‘సెకండ్ లాంగ్వేజ్ పెడగాజీ’ అను గ్రంథముగ వ్రాయగా ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము 1987లో దానిని ప్రకటించెను. భాషాబోధన శాస్త్రమును అభ్యసించువారు నేటికిని దానిని చదువుచున్నారు. అది పుట్టిన ఊరిలో నివసించు మనకు మాత్రము దాని పేరైనను తెలియదు. ఆ గ్రంథము చెప్పినదేమి, అందు నిలిచినదెంత, అది చెప్పక విడిచినదేమి అని విమర్శించుటయే మా యుద్దేశము. ఇది పండితుల కొఱకు కాదు. పిల్లల చదువును గూర్చి నిర్ణయము చేయవలసిన గృహస్థుల కొఱకు.

మొదట ఆ ప్రయోగమునకు పూర్వస్థితిని చెప్పవలెను. స్వాతంత్ర్యానంతరము దక్షిణదేశపు బడులలో ఇంగ్లీషును ‘నిర్మాణ పద్ధతి’ ననుసరించి నేర్పుచుండిరి. వాక్యనిర్మాణములను సులభమైనవి మొదలు కఠినమైనవి వఱకు వరుసగ పేర్చి, దినమున కొక నిర్మాణము చొప్పున వల్లె వేయించుట ఆ పద్ధతి. ఉపాధ్యాయుడు కలమును చూపి ఇది కలము అనును. తరగతి యంతయు ఇది కలము అనును. అది కలమని ఎఱుగని పిల్లవాడు ఆ గదిలో నొక్కడును లేడు. చెప్పువాడును వినువాడును ముందే యెఱిగిన సంగతిని మాటిమాటికి చెప్పుకొనుటలో మనస్సునకు పని యేమున్నది? పిల్లలు వాక్యములను తప్పు లేక పలికిరి. బడి వాకిలి దాటిన పిమ్మట ఆ వాక్యములతో ఒక్క పనియు చేసికొనలేకపోయిరి. ప్రభు ఆ పద్ధతిలో స్వయముగ పనిచేసినవాడు గనుక దాని లోపమును దూరమునుండి గాక లోపలినుండి చూచెను.

ఆయన చేసిన మార్పు వినుటకు మిక్కిలి సామాన్యమైనది. వ్యాకరణ పాఠమును తీసివేసి దాని స్థానమున పనిని ఉంచెను. ఒక రైళ్ళ వేళల పట్టిక ఇత్తురు. మద్రాసునుండి బెంగుళూరునకు పోవు బండ్లు రెండున్నవి. ఒకటి ఉదయమున, ఒకటి మధ్యాహ్నమున బయలుదేరును. సాయంకాలము 6 గంటలలోపల చేరవలసినవాడు ఏ బండి ఎక్కవలెను? ఎందుచేత? ప్రశ్నలన్నియు ఇంగ్లీషులోనే. పిల్లవాని మనస్సు మాత్రము ఇంగ్లీషు మీద లేదు. రైలు మీద నున్నది. ఇట్లే పటములలో దారి వెదకుట, తరగతి కాలపట్టికలను సరిపోల్చుట, దూరములను లెక్కించుట, సూచనల ననుసరించి బొమ్మలు గీయుట మొదలైన పనులు. భాష పనిముట్టే గాని పాఠము కాదు. అర్థమును సాధించుటలో మనస్సు మునిగియున్నప్పుడే భాషయొక్క నిర్మాణము తనంత తాను లోపల కుదురుకొనునని ప్రభు సిద్ధాంతము. తల్లి బిడ్డకు వ్యాకరణము చెప్పదు, అన్నము తినుమనును, చందమామను చూడుమనును. బిడ్డ అన్నమును తినును, చందమామను చూచును, వానితోబాటు భాషయు వచ్చును. ఈ సంగతి మన ఇండ్లలో అందఱు నెఱిగినదే. బడిలోని రెండవ భాషకు గూడ ఇది వర్తించునా అని పరీక్షించుటయే ఆయన సాహసము.

గ్రంథములో మాకు మిక్కిలి విలువైనవిగ తోచిన అంశములు మూడు. మొదటిది: పనులలో తర్కించి తేల్చవలసినవే ఉత్తమములని ఆయన అనుభవమున తెలిసికొనుట. ఒకనికి తెలిసిన సమాచారమును మఱియొకనికి చేరవేయు పనులున్నవి. తన అభిరుచిని, అభిప్రాయమును చెప్పు పనులున్నవి. ఇచ్చిన సంగతులనుండి క్రొత్త సంగతిని ఊహించి తేల్చు పనులున్నవి. ఈ మూడవ రకమే పిల్లల మనస్సును పట్టి నిలిపినది. రెండవది: అసలు పని ఇచ్చుటకు ముందు అటువంటిదే యింకొక పనిని ఉపాధ్యాయుడు తరగతితో కలిసి ప్రశ్నోత్తరములుగ చేయించుట. పిల్లవానిని ఒక్కసారిగ నీటిలో త్రోయుట కాదు. చేయి పట్టుకొని లోతు చూపుట. మూడవది: పని యొక్క కష్టమునకు ఆయన పెట్టిన కొలత. తరగతిలో ఇంచుమించు సగము మంది, పనిలో ఇంచుమించు సగమైనను సరిగ చేయగలిగిననే ఆ పని తగినది. అంతకు తక్కువ యైనచో అది పిల్లలకు మించినది; అందఱు సులభముగ చేసినచో అది బుద్ధికి పని పెట్టనిది. ఈ మూడవ అంశమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. ముందు దానితో పనియున్నది.

ఇక ఫలితములు. 1985లో అలన్ బెరెట్టా, అలన్ డేవిస్ అను ఇరువురు ఈ ప్రయోగమును పరీక్షించి తమ నిర్ణయమును ప్రకటించిరి. ప్రభు పద్ధతిలో చదివినవారికిని, మామూలు పద్ధతిలో చదివినవారికిని వారు పలు విధములైన పరీక్షలు పెట్టిరి. వాక్యనిర్మాణములను మాత్రము శోధించు పరీక్షలో మామూలు తరగతుల పిల్లలు మిన్నగ నుండిరి. పనుల పరీక్షలో ప్రయోగ తరగతుల పిల్లలు మిన్నగ నుండిరి. ఇంతవఱకు ఆశ్చర్యము లేదు. ఎవరు నేర్చినది వారికి వచ్చినది. ఏ పద్ధతికిని చుట్టము కాని పరీక్షలలో, అనగా విని వ్రాయుట, చదివి గ్రహించుట, సందర్భమున వ్యాకరణమును ప్రయోగించుట మొదలగువానిలో, మొత్తము మీద ప్రయోగ తరగతులే ముందున్నవి. వ్యాకరణమును పాఠముగ చెప్పని పిల్లలకు సందర్భములోని వ్యాకరణము ఇతరులకంటె మెఱుగుగ వచ్చుట చిన్న సంగతి కాదు.

అయినను పరీక్షకులు జాగ్రత్తతోనే అనుకూలాభిప్రాయము నిచ్చిరి. మేమును అంతకు మించి పోజాలము. ప్రయోగము చిన్నది. పాల్గొన్న తరగతులు ఎనిమిది మాత్రమే. పిల్లలను చీట్లు వేసి రెండు పక్షములుగ విభజించినది కాదు. బడులలో ఉన్న తరగతులనే తీసికొనిరి. నడపిన ఉపాధ్యాయులు క్రొత్త పద్ధతియందు ఉత్సాహము గలవారు. శ్రద్ధగల గురువు చేతిలో ఏ పద్ధతియైనను కొంత ఫలించునను మాట ఇచ్చట అడ్డు వచ్చును. ఈ సంగతి ప్రభు ఎఱుగకపోలేదు. 1990లో ఆయన వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమొకటి, అన్నిటికంటె ఉత్తమమైన పద్ధతి అనునదే లేదని వాదించినది. తాను చేయుచున్న పని ఫలించునన్న జీవమున్న నమ్మకము గురువునందు ఉండవలెను. ఏ పద్ధతియైనను యాంత్రికమైన నాడు చచ్చినదే యని ఆ వ్యాసముయొక్క సారము. తన పద్ధతికే విగ్రహము కట్టించుకొనని పండితుని ఈ నిగ్రహము మెచ్చదగినది.

ఇక మన వీథిలోని ప్రశ్నకు వత్తము. ఈ సిద్ధాంతమును పైపైన విన్నవాడు వెంటనే ఒక మాట అనవచ్చును: ‘అట్లయినచో ఇంగ్లీషు మీడియమే ఉత్తమము గదా! అందు గణితము, విజ్ఞానశాస్త్రము, చరిత్ర అన్నియు ఇంగ్లీషులో చెప్పుదురు. పిల్లవాని మనస్సు విషయము మీద నుండును. భాష దానంతట అదియే వచ్చును.’ ఈ వాదము చూపునకు అందముగ నున్నది. దీనికి బలముగ కెనడా దేశపు ఉదాహరణమును గూడ చూపుదురు. 1965లో మాంట్రియల్ సమీపమున సెయింట్ లాంబర్ట్ అను చోట ఇంగ్లీషు మాటలాడు కుటుంబముల పిల్లలకు మొదటినుండియు ఫ్రెంచి భాషలో చదువు చెప్పిరి. పిల్లలకు ఫ్రెంచి వచ్చెను, ఇంగ్లీషు చెడలేదు, ఇతర పాఠములును చెడలేదు. ఆ ఫలితములను పరిశీలించినవారిలో ముఖ్యుడు వాలెస్ లాంబర్ట్ అను మనశ్శాస్త్రజ్ఞుడు.

కాని ఆ పిల్లల స్థితి యేమి? వారి మాతృభాష ఆ ఖండమంతటను అధికారము చలాయించు భాష. ఇంట, అంగడిలో, పత్రికలో, ఉద్యోగములో దానికి తరుగు లేదు. వారి గురువులు పిల్లల మాటను అర్థము చేసికొనగలవారు. రెండు మూడేండ్లకే బడిలో ఇంగ్లీషు పాఠములును మొదలైనవి. లాంబర్ట్ తానే పిమ్మట ఒక భేదమును స్పష్టముగ చేసెను: రెండవ భాష మొదటిదానికి కూడిక యగు చోటు వేఱు, మొదటిదానిని తీసివేసి తాను కూర్చుండు చోటు వేఱు. కూడికలో లాభము, తీసివేతలో నష్టము. మన పిల్లలు ఏ చోట నున్నారో మనము చెప్పుకొననక్కఱలేదు.

మన నగరమున పెక్కు ఇంగ్లీషు మీడియము తరగతులలో జరుగునదేమి? పాఠ్యపుస్తకము ఇంగ్లీషులో నుండును. ఉపాధ్యాయిని దానిని చదివి అర్థమును కన్నడములో చెప్పును. ప్రశ్నలకు జవాబులు నల్లబల్ల మీద వ్రాయబడును. పిల్లవాడు వానిని నోటుబుక్కులోనికి ఎక్కించుకొని, ఇంటికి వచ్చి కంఠస్థము చేయును. ఇందు అర్థము మీద దృష్టి యెక్కడ? ప్రభు పారద్రోలదలచిన వల్లెవేతయే వేషము మార్చుకొని ముందటి వాకిట వచ్చినది. నాడు ఒక్క వాక్యమును వల్లించిరి. నేడు చరిత్రను, విజ్ఞానశాస్త్రమును గూడ వల్లించుచున్నారు. మేము పైన జ్ఞాపకముంచుకొనుమన్న కొలతను ఇచ్చట పెట్టి చూడుడు. ఇంగ్లీషు మీడియపు మూడవ తరగతిలో, గురువు సహాయము లేక, పాఠములోని సగము విషయమును సగము మంది తమ మాటలలో చెప్పగలరా? చెప్పగలిగినచో ఆ బడి మంచిదే; మాకు దానితో కలహము లేదు. చెప్పలేకపోయినచో, ఆ బడి బెంగుళూరు ప్రయోగముయొక్క వారసురాలు కాదు, దానికి ప్రతిపక్షి.

మే మెఱిగిన యొక ఇంటిలో జరిగిన సంగతి. ఐదవ తరగతి చదువు బాలుడు లెక్కల పుస్తకము ముందు పెట్టుకొని దిగులుపడి కూర్చుండెను. 12 కొబ్బరికాయలను 300 రూపాయలకు కొనగా రెండు చెడిపోయినవి. మిగిలినవి ఒక్కొక్కటి 32 రూపాయలకు అమ్మినచో లాభమా, నష్టమా అని ప్రశ్న. బాలుడు ఇంగ్లీషు వాక్యములను ధారాళముగ చదివెను. చదివి, ‘కూడవలెనా, తీసివేయవలెనా, అది చెప్పండి’ అని అడిగెను. ప్రక్కనున్న అవ్వ ఇంగ్లీషెఱుగదు. మనుమనిచేత ఎట్లో సంగతి చెప్పించుకొని, ‘కాయలెన్ని మిగిలినవిరా? ఎంత వచ్చినది? పెట్టిన దెంత?’ అని తెలుగులో మూడు ప్రశ్నలు వేసెను. బాలుడు కాగితము లేకయే ఇరువది రూపాయలు లాభమనెను. వానికి గణితము రాక కాదు. ఇంగ్లీషు చదువుట రాక కాదు. చదివిన మాట మనస్సులో బొమ్మ కట్టలేదు. బొమ్మ కట్టించినది ఇంటి భాష. ఆ అవ్వ చేసినది ప్రభు చెప్పిన ‘ముందుపని’యే, ఆమెకు ఆ పేరు తెలియదు.

ఈ తావుననే గ్రంథముయొక్క పెద్ద కొఱత మాకు కనబడుచున్నది. పిల్లవాని మనస్సు అర్థము మీద నిలువవలెనని ప్రభు చెప్పెను. ఆ అర్థము ఏ భాషలో మొలకెత్తి బడికి వచ్చినదను ప్రశ్నను ఆయన ముఖ్యముగ చేసికొనలేదు. ఆయన దృష్టి ఇంగ్లీషు పీరియడు మీదనే నిలిచినది. ఆ కాలమున అది ఒక విధముగ క్షమింపదగినది. ఏలయనగా ఆ తరగతుల పిల్లలకు ఇంగ్లీషు ఒక పాఠము మాత్రమే. తక్కిన చదువు ప్రాంతీయ భాషలో సాగుచుండెను. అనగా ఇంగ్లీషు తరగతిలో తర్కించిన మనస్సునకు వేఱొక భాషలో బలముగ పునాది పడుచుండెను. ఆ పునాదిని ఆయన లెక్కలోనికి తీసికొనలేదు, ఉన్నది గనుక. నేడు ఆ పునాదినే తొలగించి, పై అంతస్తు మాత్రము ఆయన నమూనా ప్రకారము కట్టెదమనువారికి గ్రంథము ముందుగ హెచ్చరిక చెప్పియుండలేదు. బెంగుళూరు వంటి నగరమున కన్నడపు బడిలోని పిల్లలలోనే తెలుగు, తమిళము, ఉర్దూ ఇంట మాటలాడువారు కలరు. ఈ బహుభాషా స్థితి పుస్తకమున నేపథ్యముగనే నిలిచిపోయినది.

ఆ కొఱతను తీర్చిన పరిశోధనము మన పొరుగున ఒడిశాలో జరిగినది. అజిత్ మొహంతి అను మనశ్శాస్త్రజ్ఞుడు కోంధులను గిరిజనుల నడుమ పనిచేసెను. వారి భాష కుయి, తెలుగునకు దగ్గఱ చుట్టము. దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో రెండును తోబుట్టువులు. కోంధులలో కొన్ని ప్రాంతములవారు కుయి భాషను నిలుపుకొని ఒడియాను గూడ నేర్చిరి. మఱికొన్ని ప్రాంతములవారు కుయిని విడిచి ఒడియా నొక్కదానినే మాటలాడుదురు. జాతి యొక్కటే, ఆచారములు నొక్కటే, పేదఱికము నొక్కటే. భేదము భాషలో మాత్రమే. ఇంతకంటె చక్కని తులనాత్మక పరీక్ష పరిశోధకునకు దొరకుట కష్టము. రెండు భాషలు గల పిల్లలు బుద్ధికి సంబంధించిన పరీక్షలలోను, భాషను గూర్చి ఆలోచించు శక్తిలోను ఒక్క భాష గలవారికంటె మిన్నగ నుండిరి. 1994లో మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ ప్రకటించిన ఆయన గ్రంథమున ఈ వివరములు చూడవచ్చును. మాంట్రియల్‌లో 1962లో ఎలిజబెత్ పీల్, లాంబర్ట్ పదేండ్ల పిల్లలయందు చూచినదియు ఇట్టిదే. రెండు భాషల నడుమ పసివాని బుద్ధి నలిగిపోవునను భయమునకు ఈ పరిశోధనలు ఆధార మీయవు.

ఇచ్చటను మేము అతిగ చెప్పదలచుకొనలేదు. కోంధుల గ్రామములలో రెండు భాషలును సమాజమున నిలుకడగ నున్నవి. మన అపార్టుమెంటులలో తెలుగునకు ఆ నిలుకడ యున్నదా? తల్లిదండ్రులు తెలుగున అడుగుదురు, పిల్లలు ఇంగ్లీషున బదులు చెప్పుదురు. ఇట్టి సగము భాషనుండి కోంధుల పిల్లలకు కలిగిన లాభమును ఆశించుట న్యాయము కాదు. జిమ్ కమిన్స్ అను పండితుడు 1979లో చూపిన భేదము ఇచ్చట ఉపకరించును. ఆటలలో, పలుకరింపులలో పనికివచ్చు భాష వేఱు. కారణమును, పోలికను, నియమమును చెప్పుటకు పనికివచ్చు చదువుల భాష వేఱు. కెనడాకు వలసవచ్చిన పిల్లలను చూచి, మొదటిది రెండేండ్లలో వచ్చునని, రెండవదానికి 5 నుండి 7 ఏండ్లు పట్టునని ఆయన లెక్కించెను. ఇంటికి వచ్చినవారితో ఇంగ్లీషున గలగల మాటలాడు పిల్లవానిని చూచి తల్లిదండ్రులు మురియుటలో తప్పు లేదు. ఆ గలగలను చదువుగ భ్రమించుటలో తప్పున్నది. ఇంటి తెలుగు వంటింటి మాటలకే పరిమితమై, బడి ఇంగ్లీషు పలుకరింపులకే పరిమితమైనచో, పిల్లవాడు రెంటికి చెడిన రేవడి యగును.

ఇంగ్లీషును కోరువారి పక్షమును గూడ న్యాయముగ చెప్పవలెను. కంచ ఐలయ్య వంటి రచయితలు ఇంగ్లీషు మీడియమును సమానత్వపు ప్రశ్నగ చూతురు. కలిగినవారు తమ పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపి, పేదలకు మాతృభాషయొక్క మహిమను బోధించుట ధర్మమా అని వారి ప్రశ్న. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలలలో ప్రాథమిక స్థాయినుండి ఇంగ్లీషు మీడియమును ప్రవేశపెట్ట నుత్తరువు చేసినప్పుడు ఈ వాదమే బలముగ వినబడెను. ఆ ఉత్తరువును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసెను. ఆ ప్రశ్నకు మనవంటివారు తల యెత్తి జవాబు చెప్పలేరు. మన పిల్లలు ఏ బడులకు పోవుచున్నారో అందఱు నెఱుగుదురు. కాబట్టి మేము ఇంగ్లీషు వలదనుట లేదు. ఇంగ్లీషు అందఱి హక్కు. ఆ హక్కు చేతికి వచ్చు మార్గమేది అనియే మా విచారణ. అర్థము లేని ఇంగ్లీషు పేదవానికి గూడ హక్కు కాదు, మోసము.

ఈ మార్గమును మన పెద్దలలో నొకరు పూర్వమే కనుగొనిరి. గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగ నుండి సవరల భాషను నేర్చి, ఆ పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి, బడులు పెట్టించెను. 1931లో ఆయన సవరభాషా వ్యాకరణ గ్రంథము, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య ప్రారంభమైనప్పుడు వానిలో సవర యొకటి. పిల్లవాని భాషలో మొదలుపెట్టి తెలుగునకు, ఇంగ్లీషునకు నడిపించుట ఆ పథకపు ఆశయము. ఒకరి మాతృభాషను మన్నించుటకు మన భాషవారే ఇట్లు ముందడుగు వేసియుండగా, మన యింటి భాషను మనమే సిగ్గుతో దాచుకొనుట ఏమి న్యాయము?

కర్ణాటకమున నున్న మనకు శాసనము ఇచ్చిన స్థానమును గూడ తెలిసికొనవలెను. 1994లో రాష్ట్ర ప్రభుత్వము ఒకటినుండి నాలుగవ తరగతి వఱకు మాతృభాషలోగాని కన్నడములోగాని బోధన జరుగవలెనని ఉత్తరువు చేసెను. దానిపై సాగిన వ్యాజ్యము 2014 మే 6వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమున తీరెను. బోధనాభాషను ఎన్నుకొను స్వాతంత్ర్యమును న్యాయస్థానము తల్లిదండ్రులకు, పిల్లలకు వదలెను. మాతృభాష యేదో నిర్ణయించుట గూడ తల్లిదండ్రుల వంతే యనెను. తీర్పు స్వేచ్ఛ నిచ్చినది గాని భారమును మన భుజముల మీద పెట్టినది. 2011 జనాభా లెక్కలలో కర్ణాటకమున తెలుగును మాతృభాషగ వ్రాయించుకొన్నవారు 35 లక్షలకు పైబడిరి. కాగితము మీద వ్రాయించుకొన్న ఆ మాట ఇంటిలో నిలుచునా, లేదా అనునది ఇక ప్రభుత్వముపై నెట్టదగిన ప్రశ్న కాదు.

చేయదగిన పని గొప్పది కాదు. పిల్లవాడు ఏ మీడియములో చదివినను, దినమున కొక్క పాఠమును తెలుగున చెప్పించుకొనవలెను. తప్పులు దిద్దుట ముఖ్యము కాదు, ‘ఎందుచేత?’ అని అడుగుట ముఖ్యము. నెలసరి ఖర్చు లెక్కను, ఊరికి పోవు బండ్ల వేళలను, పండుగ పనుల పంపకమును వానిచేత తెలుగున తేల్పింపవలెను. ప్రభు తరగతిలో ఇంగ్లీషున చేయించిన పనులే ఇవి. ఇంట తెలుగున చేసినచో, బడిలో ఇంగ్లీషున చేయుటకు మనస్సు సిద్ధమగును. లిపి విషయమున మనకు ఇతర ప్రవాసులకు లేని సౌకర్యమున్నది. కర్ణాటకమున 2015 నాటి శాసనము ననుసరించి పిల్లలు బడిలో కన్నడమును నేర్చెదరు. కన్నడ లిపియు తెలుగు లిపియు ఒక్క మూలమునుండి చీలినవి. ఒకటి వచ్చినవానికి రెండవది పట్టుపడుటకు కొన్ని వారముల శ్రద్ధ చాలును. కావున కన్నడము మన తెలుగునకు పోటీ కాదు, మెట్టు. ఈ సంగతి గ్రహింపక కన్నడమును భారముగ తలచువారు తెలుగునకు దారిని గూడ తామే మూసికొనుచున్నారు.

ప్రభు గ్రంథమును మేము ఆదరముతో మూసితిమి. మన ఊరిలో, మన బిడ్డలవంటి బిడ్డలతో, పట్టికలు పటములు తప్ప వేఱు సాధనములు లేక, ఆయన ఒక సత్యమును నిరూపింప యత్నించెను: భాష నోటిలో గాక పనిలో పెరుగును. ఆయన చెప్పక విడిచిన రెండవ సగమును చేర్చుట మన వంతు. ఆ పని చేయు మనస్సు మొదట ఇంటిలో మేల్కొనును, ఇంటి భాషలో మేల్కొనును. ఆ ఇంట నేడు పిల్లవానిని ‘ఎందుచేతరా?’ అని తెలుగున అడుగుటకు అవ్వలున్నారు. వారి తరము గడచిన పిమ్మట ఆ ప్రశ్నను అడుగవలసినవారము మనమే.